చేదు ఒక్కటే చాలదు

సూరత్‌లోని లింబాయత్‌ వీధుల్లో తెలుగు మాట వినిపిస్తే ఎవరూ వెనక్కి తిరిగి చూడరు. కరీంనగర్‌, వరంగల్‌, నల్గొండ ప్రాంతాల పద్మశాలీలు మరమగ్గాలను నమ్ముకుని ఎప్పటినుంచో అక్కడ స్థిరపడ్డారు. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో బడులు కూడా నడుపుతోంది. పన్నెండు గంటల షిఫ్టు, రాత్రి జాగరణ, వేళ తప్పిన తిండి: షుగర్‌ వ్యాధికి ఇంతకన్నా అనువైన బతుకు ఉండదు. ఇంటి నుంచి తెచ్చుకున్న కాకరరసం, మెంతిపొడి అలవాటుకు ఆ ఊళ్లో ‘మామేజవో’ తోడవుతుంది. వానలకు మొలిచే చిన్న మొక్క అది. నోట పెట్టుకోలేనంత చేదు. గుజరాతీ ఇళ్లలో మధుమేహానికి దాన్నే పెద్ద మందుగా చెప్పుకొంటారు.

ఆ నమ్మకం గాల్లోంచి ఊడిపడలేదు. వడోదరలోని మహారాజా సయాజీరావ్‌ విశ్వవిద్యాలయ పరిశోధకులు మామేజవో సారం ఎలుకల్లో చక్కెరను తగ్గిస్తున్నట్లు గమనించారు. 2004లో టైప్‌-2 రోగులపైనా ఒక అధ్యయనం వెలువడింది. ఫలితం ఆశాజనకమే, కానీ అందులో పాల్గొన్నవారు కొద్దిమంది. విజయసార్‌ అనే వేగిస చెక్కదీ ఇదే కథ. భారత వైద్య పరిశోధన మండలి 1998లో ప్రచురించిన పరీక్షలో 97 మందిలో 67 మందికి చక్కెర అదుపులోకి వచ్చింది. అయితే వారితో పోల్చి చూసేందుకు మందు తీసుకోని రోగుల బృందమే లేదు. కాకర, దాల్చినచెక్క విషయంలో ప్రపంచవ్యాప్త అధ్యయనాలను వడగట్టిన కోక్రేన్‌ సమీక్షకులు 2012లో రెండింటికీ ఒకే తీర్పు ఇచ్చారు. ఉన్న ఆధారం చాలదని.

అసలు చిక్కు మోతాదులో ఉంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 1990లో ప్రచురించిన మెంతుల ప్రయోగం ఇప్పటికీ మెంతి మందుల ప్రకటనల్లో పరోక్షంగా పనిచేస్తూనే ఉంది. ఆ ప్రయోగంలో టైప్‌-1 రోగులకు మధ్యాహ్నం, రాత్రి భోజనాల్లో కలిపి రోజుకు 100 గ్రాముల మెంతిపొడి ఇచ్చారు, అదీ నూనె తీసేసిన పొడి. మెంతుల్లోని జిగురు పీచు పేగుల్లో చక్కెర రక్తంలోకి చేరే వేగాన్ని తగ్గిస్తుంది కాబట్టి అది పనిచేయాలంటే గుప్పెళ్లలో పడాలి. అరగ్రాము క్యాప్సూల్‌లో మెంతి సారం నింపి అదే ఫలితం వస్తుందని చెబితే ఎలా నమ్మాలి? సీసా మీద మెంతుల బొమ్మ ఉన్నంత మాత్రాన లోపల ఆ ప్రయోగం ఉన్నట్టు కాదు.

ఇక్కడ ‘మొక్క మంచిది, రసాయనం చెడ్డది’ అనే వాదన కూడా నిలవదు. డాక్టర్లు మొదట రాసే మెట్‌ఫార్మిన్‌ మూలం ఐరోపాలో పెరిగే గాలేగా అనే మొక్క. దానిలోని పదార్థం నుంచి మొదలైన పరిశోధనే, 1957లో పారిస్‌ వైద్యుడు జాన్‌ స్టెర్న్‌ రోగులపై ప్రచురించిన ఫలితాలతో మందుగా మారింది. ఇప్పుడు వాడుకలో ఉన్న డాపాగ్లిఫ్లోజిన్‌ వంటి మందుల పూర్వీకుడు ఫ్లోరిజిన్‌ను 1835లోనే ఆపిల్‌ చెట్టు బెరడు నుంచి వేరుచేశారు. మొక్కను మందుగా మార్చింది భక్తి కాదు, కొలత.

ఆ కొలతను మన చట్టం గట్టిగా అడగడం లేదు. కొత్త అల్లోపతి మందు దశలవారీ పరీక్షలు దాటాలి. పేటెంట్‌ ఆయుర్వేద మందుకు శాస్త్రగ్రంథాల ఆధారం, ఒక చిన్న పైలట్‌ అధ్యయనం చూపితే లైసెన్సు దొరుకుతుంది. ఆహార సప్లిమెంటుగా అమ్మితే అదీ అక్కర్లేదు. ‘వైద్య వినియోగానికి కాదు’ అని చిన్న అక్షరాల్లో రాస్తే సరి. మధుమేహాన్ని నయం చేస్తామని ప్రకటించడం 1954 నాటి మందుల ప్రకటనల చట్టం ప్రకారం నేరం, మొదటిసారికే ఆరు నెలల దాకా జైలు. కాగితం మీద. ఆయుర్వేద మందుల ప్రకటనకు ముందే అనుమతి తీసుకోవాలన్న 170వ ఔషధ నిబంధన 2018లో వచ్చింది. కేంద్రం 2024 జులైలో దాన్ని తీసేసింది, ఆగస్టులో సుప్రీంకోర్టు ఆ తొలగింపును ఆపింది, 2025 ఆగస్టులో ఆ స్టేనూ ఎత్తేసింది. ఏడేళ్ల ఈ దోబూచులాటలో లాభపడింది ఎవరో వేరే చెప్పాలా?

కల్తీ మరో గండం. 2000లో కాలిఫోర్నియాలో మూలికలే అంటూ అమ్మిన చైనా మాత్రల్లో గ్లైబురైడ్‌, ఫెన్‌ఫార్మిన్‌ బయటపడ్డాయి. మొదటిది మనకు గ్లిబెన్‌క్లమైడ్‌గా తెలిసిన మందు. రెండోది రక్తంలో ఆమ్లం పేరుకుని ప్రాణం తీస్తుందని అమెరికా 1970ల్లోనే వెనక్కి తీసుకున్నది. పొడి వేసుకున్న రెండు మూడు రోజులకే చక్కెర దిగిపోతే సంబరపడకండి, అనుమానించండి.

గుజరాత్‌కు ఈ ఆధారాల కొరతను తీర్చే అవకాశం ఎక్కువ. సంప్రదాయ వైద్యానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ అంతర్జాతీయ కేంద్రం 2022లో అక్కడి జామ్‌నగర్‌లోనే మొదలైంది. ఆయుర్వేద బోధన, పరిశోధన సంస్థా అక్కడే ఉంది. మామేజవో మీద వందల మంది రోగులతో, మెట్‌ఫార్మిన్‌తో పోలుస్తూ, మూడు నెలల సగటు చూపే హెచ్‌బీఏ1సీ కొలుస్తూ పరీక్ష చేయించడానికి డబ్బూ ఉంది, మనుషులూ ఉన్నారు. ఫలితం వ్యతిరేకంగా వచ్చినా ప్రచురించాలి.

అప్పటిదాకా మరమగ్గం కార్మికుడైనా, కరీంనగర్‌లో ఉన్న అతని అన్న అయినా ఒక్క మాట గుర్తుంచుకోవాలి. జన్‌ ఔషధి దుకాణంలో మెట్‌ఫార్మిన్‌ బిళ్ల రూపాయి లోపే దొరుకుతుంది. కాకరరసం తాగండి, మెంతులు తినండి, కానీ ఆ బిళ్ల మాత్రం మానకండి. ఏ పొడి వాడుతున్నా డాక్టరుకు దాచకుండా చెప్పండి.