పోగు చుట్టూ ఒకసారి తిరిగి చూడండి

ఆదోని, ఎమ్మిగనూరుల్లో ఇంటర్ చదువుతున్న నాయనలారా, తల్లులారా!

గాస్ నియమం లెక్కల్ని మీలో చాలామంది బట్టీ పట్టి గట్టెక్కుతున్నారు. తీగకు ఒక ఫార్ములా, పలకకు ఒకటి, గోళానికి ఇంకొకటి. ఏళ్ల తరబడి ఈ పాఠం చెప్పినవాణ్ణి, అది చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. ఈ లెక్కకు కావలసిన చూపు మన మగ్గాల ఇళ్లలోనే ఉంది.

మాచాని సోమప్ప గారు 1938లో చేనేత సహకార సంఘం పెట్టిన ఊరు మన ఎమ్మిగనూరు. ఒక పాలిస్టరు పోగును బిగించి, పొడి చేత్తో రుద్దండి. చేతి మీది వెంట్రుకలు దానివైపు లేస్తాయి. (నూలు పోగు తేమ పీలుస్తుంది, ఆవేశం అంతగా నిలవదు.) ఆ పోగు అంతులేనంత పొడుగనీ, ఆవేశం అంతటా ఒకే తీరుగా ఉందనీ అనుకోండి. మీరు కళ్లు మూసుకున్నప్పుడు నేను దాన్ని పక్కకు జరిపినా, గుండ్రంగా తిప్పినా, కుడి కొసను ఎడమకు మార్చినా మీకు తేడా తెలియదు. మరి క్షేత్రం మాత్రం పోగు వెంట కుడికే ఎందుకు మొగ్గాలి? మొగ్గదు. అద్దంలోనూ అదే పోగు, కాబట్టి చుట్టూ మెలి కూడా తిరగదు. నేరుగా బయటికే పోతుంది, దాని బలం దూరాన్ని బట్టే ఉంటుంది. పెన్ను ముట్టకముందే సగం లెక్క అయిపోయింది.

ఇక పోగు చుట్టూ ఒక సిలిండరు ఊహించండి. వ్యాసార్థం రెట్టింపైతే దాని పక్క వైశాల్యమూ రెట్టింపవుతుంది, లోపలి ఆవేశం మాత్రం అంతే. అంటే అదే ఫ్లక్స్ రెట్టింపు వైశాల్యం మీద పరుచుకోవాలి, అందుకే క్షేత్రం సగమవుతుంది. పరిచిన బట్టకైతే దూరంతో వైశాల్యం పెరగదు, క్షేత్రమూ తగ్గదు. గోళం సంగతి న్యూటన్ 1687లోనే, గురుత్వాకర్షణ కోసం, జ్యామితితో తంటాలు పడి తేల్చాడు. మీకది రెండు వరుసల పని.

ఒక్క జాగ్రత్త. ఆదోని మార్కెట్ యార్డులో పత్తి కుప్పకు ఆవేశం పట్టిందనుకోండి. దాని చుట్టూ ఏ ఆకారం గీసినా గాస్ నియమం నిజమే, మొత్తం ఫ్లక్స్ సరిగ్గానే వస్తుంది. క్షేత్రం మాత్రం అందులోంచి ఊడిరాదు. నియమం ఎప్పుడూ ఉంటుంది, సౌష్ఠవం ఎప్పుడూ ఉండదు. చదువుకునే రోజుల్లో ఈ తేడా తెలియక నేనూ మార్కులు పోగొట్టుకున్నాను.

నిజం పోగుకు కొసలుంటాయి కదా. మీటరు పోగుకు నడిమధ్యన, సెంటీమీటరు దూరంలో అంతులేని పోగు ఫార్ములా దాదాపు అచ్చంగా సరిపోతుంది. మీటరు దూరం జరిగితే అసలు క్షేత్రం ఫార్ములా చెప్పినదాంట్లో 45 శాతమే.

మరి సరిగ్గా కొస దగ్గర క్షేత్రం ఎటు మొగ్గుతుంది? పుస్తకం మూసి, బొమ్మ గీసి నాకు పంపండి.

మీ పాత భౌతికశాస్త్రం మాస్టారు,
ఎమ్మిగనూరు