జోడీ మన ఊళ్ళలోనే ఉంది

సెప్టెంబరు మూడో శనివారం ప్రపంచ మజ్జ దాతల దినం. ఈ రోజుతో జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలకు చాలా పని ఉంది.

తలసీమియా, సికిల్‌సెల్, కొన్ని రక్త క్యాన్సర్లతో బాధపడే పిల్లలకు ఎముక మజ్జ మార్పిడి కొత్త బతుకునిస్తుంది. అందుకు దాతకూ రోగికీ హెచ్‌ఎల్‌ఏ అనే ప్రొటీన్లు కలవాలి. మన కణాల మీద ఉండే ఈ ప్రొటీన్లను రోగనిరోధక వ్యవస్థలోని టి కణాల రిసెప్టర్లు తడిమి చూసి, ఇది మనదా పరాయిదా అని తేలుస్తాయి. వీటిని తయారుచేసే జన్యువుల్లో ఇప్పటికే 40 వేలకు పైగా రూపాలు బయటపడ్డాయి. ఒకే రోగం జనాన్నంతా తుడిచిపెట్టకుండా తరతరాలుగా కాపాడిన వైవిధ్యమిది. మజ్జ కావలసినప్పుడు అదే అడ్డొస్తుంది.

తోబుట్టువు ఒకరితో పూర్తిగా కలిసే అవకాశం నాలుగింట ఒకటి. సగం కలిసినా మార్పిడి చేసే పద్ధతులు వచ్చాయి గానీ, తోబుట్టువుల్లో జోడీ లేనప్పుడు బయట పూర్తి జోడీ కోసం వెతకడమే మొదటి పని. ఎక్కడ వెతకాలి? హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థ సీసీఎంబీకి చెందిన తంగరాజ్, హార్వర్డ్ శాస్త్రవేత్తలతో కలిసి 2017లో ప్రచురించిన అధ్యయనంలో జవాబుంది. దక్షిణాసియాలో వారు చూసిన 263 సమూహాల్లో 81 సమూహాలు ఫిన్లాండ్ ప్రజల కన్నా తక్కువమంది పూర్వీకుల నుంచి విస్తరించినట్టు తేలింది. కులంలోనే పిల్లనిచ్చి పుచ్చుకున్న ఫలితమది. కొన్ని జన్యురోగాలు ఇళ్ళల్లో పాతుకుపోవడానికి ఆ ఆచారమే కారణం. దాన్ని మేం సమర్థించడం లేదు. కానీ పూర్వీకులు ఉమ్మడి కాబట్టి, మహబూబాబాద్ తండాలోని లంబాడీ బిడ్డకైనా, భూపాలపల్లి జిల్లా పలిమెల కోయ బిడ్డకైనా, జనగామ కురుమల బిడ్డకైనా జోడీ దొరికే ఆశ ఎక్కువగా సొంత జనంలోనే.

దాతల నమోదు శిబిరాలేమో ఎక్కువగా నగరాల్లోని కాలేజీల్లో, సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో జరుగుతున్నాయి. తండాల వారి పేర్లు దాతల జాబితాల్లోకి ఎప్పుడెక్కాలి?

వెన్నులోంచి ఎముక తీస్తారన్న భయం అక్కర్లేదు. నమోదుకు బుగ్గ లోపల దూదిపుల్లతో రుద్దితే చాలు. జోడీ కుదిరితే చాలామంది దాతల నుంచి కొన్ని రోజుల ఇంజెక్షన్ల తర్వాత చేతి రక్తనాళం నుంచే మూలకణాలు సేకరిస్తారు. మహబూబాబాద్‌కు 2022లో, జనగామ, భూపాలపల్లిలకు 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. మొదటి శిబిరం అక్కడే పెట్టండి. ఆ తర్వాత ఆ విద్యార్థులనే వెంటబెట్టుకుని తండాలకు, గూడేలకు వెళ్ళి, లంబాడీలో, కోయలో విడమరిచి చెప్పి, ఒప్పుకున్న వారి నమూనాలే తీసుకోండి.