స్టార్లు కారు లోపలివాళ్లకేనా?

2019 నవంబర్ 23న హైదరాబాద్ రాయదుర్గం బయోడైవర్సిటీ జంక్షన్‌లో పై ఫ్లైఓవర్ మీంచి ఒక కారు కింది రోడ్డుపై పడింది. ఆ వంతెన తెరిచి అప్పటికి మూడు వారాలైనా కాలేదు. అక్కడ వేగ పరిమితి 40 కిలోమీటర్లు. కారు వంద దాటిందని పోలీసులు తేల్చారు. నడిపిన వ్యక్తి గాయాలతో బతికాడు. కింద రోడ్డు పక్కనున్న మహిళ చనిపోయింది.

అప్పట్లో వంతెన మలుపు గురించి, డ్రైవరు దూకుడు గురించి గట్టి చర్చే జరిగింది. జరగాల్సిందే. కారు తయారీ గురించి మాత్రం పెద్దగా మాట్లాడుకోలేదు.

లోపలివాళ్లను కాపాడటంలో కంపెనీలు చాలా ముందుకొచ్చాయి. గుద్దుకున్నప్పుడు ముందు భాగం నలిగి దెబ్బను మింగాలి, మనుషులు కూర్చునే భాగం మాత్రం చెక్కుచెదరకూడదు. మెర్సిడెస్ ఇంజినీరు బేలా బరేని రూపొందించిన ఈ సూత్రం 1959 నాటికే రోడ్డెక్కింది. మన దాకా రావడానికే ఆలస్యమైంది. 2014లో కార్ల భద్రతను పరీక్షించి స్టార్లు ఇచ్చే గ్లోబల్ ఎన్‌క్యాప్ 64 కిలోమీటర్ల వేగంతో గుద్దించి చూస్తే, ఎయిర్‌బ్యాగుల్లేని ఐదు భారతీయ మోడళ్లకూ సున్నా వచ్చింది. 2018 చివరికి టాటా నెక్సన్ ఐదు స్టార్లు తెచ్చుకుంది. కొనేవాళ్లు స్టార్లు అడగడం మొదలుపెట్టారు, కంపెనీలు దారికొచ్చాయి. దేన్ని కొలిచి బయటపెడితే దాని మీదే అవి డబ్బు ఖర్చుపెడతాయి.

మరి కారు బయట ఉన్న మనిషిని కొలుస్తున్నామా? పాదచారి తల బానెట్‌కు తగిలితే, ఆ రేకుకూ ఇంజిన్‌కూ మధ్య ఎంత ఖాళీ ఉందన్న దాన్ని బట్టి ప్రాణం నిలవొచ్చు, పోవచ్చు. బంపర్ ఎంత మెత్తగా ఉందో మోకాలి ఎముకలకు తెలుస్తుంది. యూరప్‌లో 1997 నుంచే దీనికి మార్కులు వేస్తున్నారు. 2023లో మొదలైన మన భారత్ ఎన్‌క్యాప్ తొలి నిబంధనల్లో మాత్రం పాదచారి రక్షణ కనీస అర్హతగానే ఉంది. అందులో ఎంత బాగా చేసినా అదనంగా ఒక్క స్టారూ రాదు.

వేగం సంగతి ఇంకా ఘోరం. 2019 జులై నుంచి కొత్త కార్లలో వేగ హెచ్చరిక తప్పనిసరి. అది 80 దాటితేనే మోగుతుంది. నలభై దాటకూడని వంతెన మీద 79తో వెళ్లే కారు నోరు మెదపదు. వేగం రెండున్నర రెట్లయితే గుద్దే శక్తి ఆరు రెట్లు దాటుతుంది. 2024 జులై నుంచి యూరోపియన్ యూనియన్‌లో అమ్మే ప్రతి కొత్త కారూ కెమెరాతోనో, మ్యాపుతోనో ఆ రోడ్డు పరిమితిని గుర్తించి డ్రైవరును హెచ్చరించాలి. డ్రైవరు కావాలంటే దాన్ని కాదని వెళ్లగలడు. కాబట్టి ఆ రోజు ఇది ఉంటే ఆ మహిళ దక్కేదని చెప్పలేను. కానీ పరధ్యానంలో వేగం పెంచేవాళ్లను ఇది అప్రమత్తం చేస్తుంది.

హైటెక్ సిటీ చుట్టుపక్కలే హ్యుందాయ్, జెడ్‌ఎఫ్ లాంటి సంస్థల ఇంజినీరింగ్ కేంద్రాలున్నాయి. తెలివికి ఇక్కడ కొదవ లేదు. కావాల్సినవి రెండు: పాదచారి రక్షణకు స్టార్లలో వాటా ఇచ్చే నిబంధన; ప్రతి వీధి వేగ పరిమితినీ కార్లు చదువుకునేలా నగరపాలక సంస్థ, ట్రాఫిక్ పోలీసులు విడుదల చేసే డిజిటల్ మ్యాపు. రెండోదానికి ఢిల్లీ అనుమతి అక్కర్లేదు, హైటెక్ సిటీ చుట్టుపక్కల రోడ్లతోనే మొదలుపెట్టొచ్చు.