మన విక్రయశాలయు గూగులు పటమును

గత వేసవిలో మన సంఘపు విక్రయశాలకు బెల్లము కొనుటకై పట్టణమునుండి యొక కుటుంబమువారు కారులో బయలుదేరి, సెల్‌ఫోనులోని పటము చూపిన త్రోవనే నమ్మి వచ్చి, చెరువుకట్టమీద నిలిచిపోయిరి. పటములో మన శాల యచ్చట నున్నది. నిజమైన శాల యచ్చటికి కిలోమీటరునకు పైగా దూరమున రోడ్డుప్రక్కన నున్నది. పటములో గనబడిన నంబరునకు ఫోను చేయగా, అది మూడేండ్ల క్రిందట మన సంఘము విడిచిపోయిన గుమాస్తాది. తనకును బెల్లమునకును సంబంధము లేదని యాయన చెప్పెను. మేకల కాపరి యొకడు దారి చూపకున్నచో వారు వచ్చిన త్రోవనే మరలిపోయెడివారు. ఈ సంగతి వారే మాకు చెప్పి నవ్విరి. మాకు మాత్రము నవ్వు రాలేదు. కాపరి లేని దినములందు ఎందరు మరలిపోయిరో వ్రాసి యుంచిన చిట్టా మనకడ లేదు గదా!

ఒకప్పుడు క్రొత్తవాడు ఊరిలో అడుగిడినచో మొదట కాఫీ హోటలులో విచారించెడివాడు. ఇప్పుడు ఇల్లు వదలకమునుపే ఫోనును విచారించుచున్నాడు. అది చెప్పినదే వానికి ఊరు. మన కార్యవర్గములో పెద్దలు కొందరు, “సరకు మంచిదైనచో కొనువాడు తానే వచ్చును, ఈ యాటలు మనకేల?” అని యనుచున్నారు. సరకు మంచిదిగా నుండవలెనన్న మాటతో మాకు పేచీ లేదు. కాని మంచి సరకును చెరువులో నున్నట్లు చూపుటవలన ఎవరికి లాభము? 2022 లో కేంద్ర ప్రభుత్వమువారు దేశములోని 63,000 ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘములకు కంప్యూటరు లెక్కలు ఏర్పరచుటకు 2,516 కోట్ల రూపాయల పథకము నంగీకరించిరి. లోపల లెక్కలు కంప్యూటరున కెక్కుచుండగా బయట మన చిరునామాయే తప్పుగా నుండుట బాగుండలేదని మా యభిప్రాయము.

ఇంతకును విషయ మేమనగా, గూగులువారు ప్రతి దుకాణమునకును తమ పటములో నొక పుట యిచ్చుదురు. 2014 లో దీనికి గూగుల్ మై బిజినెస్ అని పేరుండెను. 2021 లో గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ అని మార్చిరి. దీనికి రుసుము లేదు. ఎవరైన “దగ్గరలో గానుగ నూనె” అని వెదకినపుడు ఏ దుకాణమును ముందు చూపవలెనన్నది మూడు విషయములను బట్టి నిర్ణయింతుమని వారే చెప్పుచున్నారు: అడిగినదానికి దుకాణమునకును గల పొందిక, దూరము, ప్రసిద్ధి. దూరమును మనము మార్చలేము. ప్రసిద్ధి మెల్లగా వచ్చునది. పొందిక మాత్రము పూర్తిగా మన చేతిలోనిది. మనము పాడుచేసికొన్నదియు అదియే.

ఎట్లనగా, మన పుటను తెరచి చూడగా మన విక్రయశాల “బ్యాంకు” తరగతిలో నున్నది. సంఘము ఋణము లిచ్చును గనుక ఆనాడు ఎవరో అట్లు వ్రాసియుందురు. అందుచేత బెల్లము వెదకువానికి మనము కనబడము. అప్పు వెదకువాడు బెల్లపు దిమ్మెలముందు వచ్చి నిలుచును. తరగతులను మన యిష్టము వచ్చినట్లు వ్రాయరాదు. గూగులువారి పట్టికనుండియే యేరుకొనవలెను. ముఖ్యమైనది యొకటి, దానికి తోడు మరి తొమ్మిదివరకు చేర్చవచ్చును. తొమ్మిదియు నింపవలెనన్న యాశ మనకు వలదు. కార్యాలయము ఊరిలోను, విక్రయశాల రోడ్డుమీదను వేరువేరుగా నున్నవి కనుక రెండింటికిని వేరు పుటలుండుటయే న్యాయము. ఋణము సంగతి కార్యాలయపు పుటలో నుండును. బియ్యము, బెల్లము, నూనె శాల పుటలో నుండును.

పేరు విషయమున నొక మాట. బోర్డుమీద ఏ పేరున్నదో పటములోను అదే యుండవలెను. “స్వచ్ఛమైన చౌక బెల్లము నూనె బియ్యము” అని పేరునకు తోక తగిలించినచో ముందు కనబడుదుమని కొందరు బోధించుచున్నారు. అది నిబంధనలకు విరుద్ధము, పుటయే నిలిపివేయబడవచ్చును. తెలుగు అక్షరములలో మన పేరెట్లు కనబడుచున్నదో కూడ చూచుకొనవలెను. 2021 లో గూగులువారు తెలుగుతో సహా పది భారతీయ భాషలలో స్థలముల పేర్లను యంత్రముచేత లిప్యంతరము చేయించిరి. యంత్రమునకు మన యూళ్ల పేర్లలోని దీర్ఘములు, ఒత్తులు తెలియవు. ప్రక్క గ్రామము పేరు పటములో చదివి ఆ గ్రామస్థులే గుర్తుపట్టలేకపోయిరి.

మన శాలకు డోరు నంబరు లేదు. అట్టి చోట్ల ప్లస్ కోడ్ అను సంకేతము పనికి వచ్చును. కొన్ని అక్షరములు, అంకెలు, నడుమ నొక కూడిక గుర్తు, అంతే. పూర్తి సంకేతము ఇంచుమించు 14 మీటర్ల చదరమును చూపును, అనగా నొక ధాన్యపు కళ్లమంత చోటు. శాల గుమ్మము నెదుట నిలిచి ఫోనులో చూచినచో అది దొరకును. దానిని బోర్డుమీదను రసీదులమీదను వేయింపవచ్చును. లారీ డ్రైవరుకు “మర్రిచెట్టు దాటి కుడిచేతివైపు” అని చెప్పుటకంటె ఇది మేలు. మర్రిచెట్టు గాలివానకు పడి రెండేండ్లయినది.

వేళలు సరిగా వ్రాయవలెను. మధ్యాహ్నము మూయుదుము గాని పటములో తెరచియున్నట్లు కనబడుచున్నది. సంక్రాంతికి, ఉగాదికి మూసినపుడు ఆ దినములను వేరుగా సూచించు వీలు కలదు. ఫోటోలు మన శాలవే యుండవలెను. ఎక్కడిదో అందమైన బెల్లపు బొమ్మ తెచ్చి పెట్టుట కల్తీయే.

ఇక అసలు చిక్కునకు వత్తము. ఈ పుటకు స్వామి యెవరు? సంఘము కాదు. వెళ్లిపోయిన గుమాస్తా తన సొంత ఖాతాతో దానిని తెరచెను. ఆయనను నిందింప మాకు మనసొప్పదు; నాడు తెలిసినవాడు ఆయన యొక్కడే. కాని సంఘపు గోదాము తాళపుచెవి నట్లు విడిచిపెట్టుదుమా? పుట కొక ముఖ్య స్వామి, ఇతర స్వాములు, నిర్వాహకులు ఉండవచ్చును. ఎవరి ఖాతాతో వారు పని చేయుదురు గాన సంకేతపదము నొకరి కొకరు చెప్పనక్కర లేదు. సంఘము పేర తెరచిన ఖాతా ముఖ్య స్వామిగా నుండవలెనని, అధ్యక్షుడును కార్యదర్శియు స్వాములుగా నుండవలెనని, పని చేయు యువకులు నిర్వాహకులుగా నుండవలెనని, పదవి ముగిసిన దినముననే పేరు తీసివేయవలెనని కార్యవర్గము తీర్మానము వ్రాసికొనవలెను.

ఇది యింత ముఖ్య మేలనగా, పటములోని నంబరును మార్చుమని దారిన పోవువాడెవడైన గూగులువారికి సూచింపవచ్చును. 2018 లో మహారాష్ట్రమున వంచకులు బ్యాంకుల ఫోను నంబర్లకు బదులు తమ నంబర్లు పటములో చేర్చి ఖాతాదారులను మోసగించినట్లు పత్రికలలో వచ్చినది. మన సంఘములోను సభ్యుల డిపాజిట్లున్నవి, ఋణములున్నవి. కిస్తు గడువు తెలిసికొనుటకు ఒక ముదుసలి రైతు మనుమనిచేత పటములో నంబరు వెదకించి ఫోను చేసి, అవతలివాడు అడిగిన ఓటీపీ చెప్పినచో, పోవునది మేకల కాపరి తిరిగి తెచ్చి యీగలది కాదు. కావున వారమున కొకసారి పుటను తెరచి నంబరును సరిచూచుట యొకరి విధిగా నుండవలెను.

ఫోనులో “మేము గూగులు నుండి మాటలాడుచున్నాము, సొమ్ము కట్టనిచో మీ పుట తొలగింతుము” అని బెదరించువారు కలరు. నమ్మవలదు. సంవత్సరమునకు ఇంతయిచ్చినచో మొదటి స్థానము ఇప్పింతుమని యొక యేజెంటు మన కార్యాలయమునకే వచ్చెను. సొమ్ము పుచ్చుకొని ఈ వరుసను మార్చుట లేదని గూగులువారే ప్రకటించియుండగా ఆయన యేమి యిప్పించునో మాకు బోధపడలేదు. ప్రకటనల సంగతి వేరు. అవి ప్రకటనలని తెలియునట్లే కనబడును. ఆ సొమ్ముతో కాటా బాగుచేయించుట మేలని చెప్పి పంపివేసితిమి.

సమీక్షల విషయమున మాకును, సభ్యులలో ఉత్సాహవంతులైన కొందరికిని భేదాభిప్రాయము కలదు. సభ్యులందరును తలా ఐదు నక్షత్రములు వేసి పొగడినచో శాలకు పేరు వచ్చునని వారి వాదము. తన వ్యాపారమును తానే మెచ్చుకొనుట నిబంధనలకు విరుద్ధము. కానుక యిచ్చియో ధర తగ్గించియో మెప్పు సంపాదించుటయు నంతే. ఇతర దుకాణములలో యజమాని యొకడు. సహకార సంఘమున ప్రతి సభ్యుడును యజమానియే! కనుక మనలో నెవ్వరును వ్రాయరాదని మా నిశ్చితాభిప్రాయము. కొన్నవారిని అడుగుదము, వారు మెచ్చినను వ్రాయవచ్చును, తిట్టినను వ్రాయవచ్చును. వానకాలమున బెల్లము చెమ్మగిలినదని యొకరు ఒక్క నక్షత్రము వేసిరి. ఆ మాట నిజమే. దానిని తీయించుట కెట్లని యొక సభ్యుడు మమ్మడిగెను. తీయించుట యేల? “చెమ్మగిలినది నిజము, తెచ్చినచో మార్చి యిత్తుము” అని దాని క్రిందనే జవాబు వ్రాసితిమని చెప్పవలెనన్న మాకు పుట తాళము చేతిలో లేకపోయెను.

పుట స్వామ్యము కొరకు గూగులువారి ద్వారా పాత గుమాస్తాకు విన్నపము పంపితిమి. ఆయన యొప్పుకొనినచో నొక దినము పని. ఒప్పుకొనక, జవాబును ఈయకున్నచో, రోడ్డు, బోర్డు, మన కార్యదర్శి శాల తాళము తీయుట మొదలైనవి వీడియో తీసి పంపి స్వామ్యము రుజువు చేయవలసి వచ్చును. ఈ పని తెలిసిన యువకులు సభ్యుల యిండ్లలో నున్నచో రాబోవు కార్యవర్గ సమావేశమునకు ముందుగా వారి పేర్లు కార్యాలయమున వ్రాయించవలెనని కోరుచున్నాము. అందాక బెల్లమునకు వచ్చువారికి చెరువుకట్ట త్రోవ తప్పని చెప్పుటకై రోడ్డు మలుపున నొక బల్ల పాతించితిమి.