దుప్పుల పెంపకము: జమ, ఖర్చు



ఉత్తరదేశపు అడవులలోని దుప్పులను మందలుగా పెంచినచో పాలు, మాంసము లాభముగా వచ్చునని కొందరందురు. జమ సరే, ఖర్చు పద్దును కూడ చూడవలెను.

రష్యాలో కొస్త్రోమా వద్ద 1963 నుండి మూస్ అను పెద్ద దుప్పిని పాలకొరకు పెంచుచున్నారు. సీసాపాలు పట్టిన మనిషిని అది మరువదు. అడవిలో మేసి, పాలు పిదుకు వేళకు తానే వచ్చును. చెట్ల రెమ్మలే దాని మేత. దొడ్డిలో కట్టి ఎండుగడ్డి వేసినచో దక్కదు.

కెనడాలోని సస్కాచువాన్‌లో ఎల్కు దుప్పులను కంచెలలో పెంచిరి. 1996లో అట్టి మందలో మెదడును తొలుచు రోగము బయటపడెను. 2000లో అడవి దుప్పులలోను కనబడెను. దానికి నేటికిని మందు లేదు.

లాభము కంచెలోనివారిది, నష్టము అడవిది. ఈ పద్దు తేలనిదే కొత్త మందలకు అనుమతి ఇవ్వరాదు.

— ఒక విశ్రాంత గుమాస్తా,
బరంపురము