కడుపు మాడ్చుకొనే పిల్లకు నెలసరి మాత్రలా?

తిండి మాని చిక్కిపోయిన ఆడపిల్లకు నెలసరి ఆగితే, మాత్రలు మింగించి ఊరుకోవడాన్ని నేను వైద్యమనను. కొవ్వు వట్టి నిల్వ కాదు, లెప్టిన్ అనే హార్మోనును స్రవించే గ్రంథి వంటిది. న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం 1994లోనే దాని జన్యువును గుర్తించింది. అనొరెక్సియా నెర్వోసా అనే ఆహార రుగ్మతలో కొవ్వు కరిగి లెప్టిన్ పడిపోతుంది. కరవు వచ్చిందని మెదడులోని హైపోథాలమస్ గ్రహించి, అండాశయాలను నడిపే ఆజ్ఞలను తగ్గిస్తుంది. పంట ఎండిన ఏడు పెళ్లి వాయిదా వేసుకొన్న పాలమూరు, నల్లగొండ రైతులకు ఈ తర్కం నేను నేర్పనక్కరలేదు. మాత్రతో రక్తస్రావం కనబడవచ్చు; ఎముకలు గుల్లబారడం మాత్రం ఆగదు.

సన్నబడి చక్కగా ఉన్నావని మెచ్చే బంధువులూ, మొండిఘటమని కసిరే తల్లిదండ్రులూ రోగానికే సాయపడుతున్నారు. బరువు తూయించండి, నాడి చూపించండి. ఈ రెండు పట్టణాలలోనూ ప్రభుత్వ వైద్య కళాశాలలున్నాయి. అక్కడి మానసిక వైద్యుని కలవడానికి సిగ్గెందుకు?