లెక్కకు పన్నెండు.. పక్వమైనవెన్ని?

*సంతాన చికిత్సలో తేడా తెచ్చేది అండాల పరిపక్వతే
*ట్రిగ్గర్ సూది వేళ తప్పితే శ్రమంతా వృథా
*వివరాలు తెలుసుకునే హక్కు కల్పించిన 2021 చట్టం

సంతాన సాఫల్య కేంద్రాలు మహానగరాలు దాటి జిల్లా కేంద్రాలకు విస్తరించాయి. అక్కడికి వెళ్లిన దంపతులు ఆశగా ఎదురుచూసేది ఒక అంకె కోసం. పది, పన్నెండు అండాలు వచ్చాయనగానే ఇంటిల్లిపాదీ సంబరపడతారు. తీరా పిండాలు ఒకటో రెండో తయారయ్యాయని, ఒక్కోసారి అసలే లేవని తెలిసినప్పుడు జరిగిందేమిటో వారికి బోధపడదు. అప్పు తెచ్చిన సొమ్ము ఖర్చవుతుంది. నింద ఆ ఇంటి కోడలిపై పడుతుంది. ఈ వ్యత్యాసానికి ఒక ప్రధాన కారణం అండాల అపరిపక్వత.

పక్వత అంటే..

ఫలదీకరణకు సిద్ధమయ్యే క్రమంలో అండం తన క్రోమోజోముల్లో సగాన్ని ధ్రువకణం అనే చిన్న కణం రూపంలో వెలుపలికి పంపుతుంది. సూక్ష్మదర్శిని కింద ఆ కణం కనిపిస్తేనే అండం పక్వమైనట్లు లెక్క. వీర్యకణాన్ని నేరుగా అండంలోకి ప్రవేశపెట్టే ఇక్సీ పద్ధతికి ఇటువంటివే పనికొస్తాయి. సేకరించిన అండాల్లో సాధారణంగా 15 నుంచి 20 శాతం వరకు అపరిపక్వంగా ఉంటాయి. కనుక పన్నెండింటిలో రెండు మూడు తగ్గడం సహజమే. సగానికి పైగా ఆ స్థితిలో ఉంటే మాత్రం కారణం వెతకాల్సిందే.

గడియారమే కీలకం

సుమారు పది రోజుల పాటు వేసే హార్మోన్ సూదులతో అండాశయంలోని ఫాలికల్స్ పెరుగుతాయి. లోపలి అండాన్ని పక్వానికి తెచ్చేది చివరగా వేసే ట్రిగ్గర్ సూది. అది వేసిన 34 నుంచి 36 గంటలకు అండాలను సేకరిస్తారు. ఆ సూది వేయాల్సిన వేళ తరచూ రాత్రిపూటే వస్తుంది. పల్లెకు తిరిగి వెళ్లిన మహిళకు ఆ సమయంలో సూది వేసే మనిషి దొరకడమే కష్టం. ఆలస్యమైనా, మోతాదు తగ్గినా, మందు చల్లదనం కోల్పోయినా ఫలితం దెబ్బతింటుంది. జాప్యం జరిగిందని వెంటనే తెలియజేస్తే సేకరణ సమయాన్ని మార్చే వీలుంటుంది. భయంతో దాచిపెడితే ఆ అవకాశమూ పోతుంది.

ఫాలికల్స్ తగినంత ఎదగకముందే ట్రిగ్గర్ ఇవ్వడం మరో కారణం. అరుదుగా జన్యులోపమూ ఉంటుంది. టీయూబీబీ8 అనే జన్యువులోని మార్పుల వల్ల అండాలు పక్వానికి రాకుండా నిలిచిపోతాయని చైనా శాస్త్రవేత్తలు 2016లో వెల్లడించారు. అటువంటి వారికి అదే చికిత్స మళ్లీ చేసినా ఫలితం మారదు.

మార్గాలున్నాయి

ట్రిగ్గర్ మందు మార్చడం, రెండు రకాల మందులు కలిపి ఇవ్వడం, సేకరణ వ్యవధిని సవరించడం వైద్యులు అనుసరించే మార్గాలు. అపరిపక్వ అండాలను ప్రయోగశాలలో పెంచి పక్వానికి తెచ్చే విధానమూ ఉంది. ఈ పద్ధతిలో తొలి శిశు జననాన్ని దక్షిణ కొరియా వైద్యులు 1991లో ప్రకటించారు. అయితే మామూలు ఐవీఎఫ్‌లో మిగిలిపోయిన అపరిపక్వ అండాలను ఇలా పెంచినప్పుడు విజయావకాశాలు తక్కువే.

అడిగి తీరాలి

సహాయక పునరుత్పత్తి సాంకేతికత నియంత్రణ చట్టం 2021 ప్రకారం విజయావకాశాలు, వ్యయం, దుష్ప్రభావాలను కేంద్రాలు ముందుగానే వివరించాలి. జరిపిన చికిత్స వివరాలతో డిశ్చార్జి పత్రం ఇవ్వాలి. ఫిర్యాదుల విభాగాన్నీ నిర్వహించాలి. ఎన్ని అండాలు తీశారు, పక్వమైనవెన్ని, ఫలదీకరణ చెందినవెన్ని, ట్రిగ్గర్ ఏ వేళ ఇచ్చారు అన్న నాలుగు వివరాలను దంపతులు రాతపూర్వకంగా తీసుకోవడం అవసరం. రెండో విడతకు సొమ్ము చెల్లించే ముందు, దాత అండాలే శరణ్యమన్న మాటకు తలూపే ముందు, ఆ పత్రాన్ని మరో వైద్యుడికి చూపితే లోపం సూది వేళలో ఉందో, మందులో ఉందో, అండంలోనే ఉందో తేల్చుకునే ఆధారం దొరుకుతుంది.